కంటి డాక్టరు సీటీ ఎందుకు రాస్తారు?

కంట్లో లైటు వేసి చూశారు. చుక్కలు వేసి కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూశారు. ఓసీటీ అని ఒకటి తీశారు. అన్నీ అయ్యాక చీటీ మీద సీటీ స్కాన్ అని రాశారు. "తీశారు కదా, మళ్ళీ ఎందుకు?" అని కంటి ఆసుపత్రి కౌంటరు దగ్గర అడిగేవాళ్ళకు కొదవ లేదు. ఇంకొంచెం ఆలోచించేవాళ్ళ అనుమానం వేరు. గుండె, ఊపిరితిత్తులు అంటే సరే, లోపలెక్కడో ఉంటాయి. కన్ను బయటికి కనబడే అవయవం. డాక్టరు ఎదురుగా కూర్చుని చూడగలిగే దానికి కూడా గుండ్రటి మిషన్‌లో పడుకోవాలా?

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. ఎదురుగా కనబడేది కంటిలో చిన్న భాగం. ఓసీటీ చూసేది కనుగుడ్డు లోపలి తెరను, అంటే రెటీనాను. అది పరారుణ కాంతితో పనిచేస్తుంది కాబట్టి కాంతి వెళ్ళినంత మేరే చూపిస్తుంది. కనుగుడ్డు వెనక కొవ్వు ఉంది, కండరాలు ఉన్నాయి, మెదడుకు పోయే కంటినరం ఉంది, వీటన్నిటి చుట్టూ ఎముక గోడలున్నాయి. అక్కడికి ఏ టార్చిలైటూ పోదు. ఎక్స్-రే పోతుంది. సీటీకి పని పడేది ఆ వెనక భాగంలోనే.

పిల్లర్ల వరస

హైదరాబాద్ అత్తాపూర్‌లో అడ్రసు అడిగితే వీధి పేరు చెప్పేవాళ్ళు తక్కువ, పిల్లర్ నంబరు చెప్పేవాళ్ళే ఎక్కువ. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో తెరిచారు. శంషాబాద్ విమానాశ్రయానికి పోయే కార్లు పైన పరుగెడుతుంటే, కింద బతుకంతా ఆ స్తంభాల నంబర్లతోనే నడుస్తుంది. సీటీ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఈ స్తంభాలు బాగా పనికొస్తాయి.

ఎక్స్‌ప్రెస్‌వే కింద, డివైడర్ మధ్యలో నిలబడి తిన్నగా ముందుకు చూస్తే కనబడేది ఒక్క స్తంభం. దాని వెనక వందున్నా ముందుదాని చాటున దాగిపోతాయి. మామూలు ఎక్స్-రే తీసేది ఇదే తీరు ఫొటో. ముఖానికి ఎక్స్-రే తీస్తే నుదుటి ఎముక, ముక్కు ఎముక, పుర్రె వెనక గోడ అన్నిటి నీడలూ ఒకే ఫిల్ము మీద ఒకదాని మీద ఒకటి పడతాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ నీడలో ఉండదు.

ఇప్పుడు అదే మనిషి పక్కన సర్వీసు రోడ్డు మీద బస్సెక్కి కిటికీలోంచి చూస్తే స్తంభాలు విడిపోతాయి. దగ్గరివి గబగబా వెనక్కి పోతాయి, దూరానివి నింపాదిగా కదులుతాయి. ఒక మలుపులో రెండు కలిసిపోయినట్టుంటాయి, ఇంకో మలుపులో వాటి మధ్య సందు తెరుచుకుంటుంది. ఇలా నాలుగు వైపుల నుంచీ చూసి, ఎక్కడి నుంచి ఏది కనబడిందో, ఏది చాటయిందో రాసుకున్న మనిషి ఆకాశంలోకి ఎగరకుండానే ఒక్కో స్తంభం ఎక్కడుందో కాగితం మీద ప్లాను గీసేయగలడు.

సీటీ యంత్రం చేసేది అదే. ఎక్స్-రే గొట్టం తల చుట్టూ తిరుగుతుంది. అవతలి వైపు ఉన్న గ్రాహకాలు ఏ కోణం నుంచి ఎంత కిరణం దాటి వచ్చిందో లెక్క రాసుకుంటాయి. కొన్ని వందల కోణాల లెక్కలు పోగయ్యాక, ఎక్కడ ఎంత సాంద్రత ఉంటే ఈ లెక్కలన్నీ సరిపోతాయో కంప్యూటరు తేలుస్తుంది. చర్మానికి గాటు పడకుండానే తలను అడ్డంగా కోసి చూసినట్టు ఒక బొమ్మ వస్తుంది. అలాంటి కోతలు పదులు, వందలు.

ఈ ఆలోచనను పని చేసే యంత్రంగా మార్చినవాడు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్. ఇంగ్లండులో ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు. పాటల రికార్డులు అమ్మే కంపెనీ అది. బీటిల్స్ బృందం పాటల డబ్బుతోనే సీటీ పుట్టిందని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ, బ్రిటిష్ ఆరోగ్య శాఖ పెట్టిన సొమ్ము సంగతి ఆ కథలో ఉండదు. లండన్ దగ్గర వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మార్లే ఆసుపత్రిలో 1971 అక్టోబరు 1న మొదటి రోగికి స్కాన్ తీశారు. ఒక్కో కోతకు నిమిషాలు పట్టేది, బొమ్మ తయారు కావడానికి ఇంకా ఎక్కువ. ఆ గణితాన్ని అంతకుముందే 1963, 64 సంవత్సరాల్లో విడిగా తేల్చిన అలన్ కార్మాక్‌తో కలిపి హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

సాంద్రతను కొలిచే మానానికి కూడా ఆయన పేరే పెట్టారు. నీళ్ళు సున్నా. గాలి మైనస్ 1000. కొవ్వు మైనస్ 100 దగ్గర. కండరం ప్లస్ 50 చుట్టుపక్కల. గట్టి ఎముక వెయ్యి దాటుతుంది. ఇనుము ఇంకా చాలా పైకి పోతుంది. బొమ్మలో నలుపు, బూడిద, తెలుపు అన్నీ ఈ అంకెల వేషాలే. ఈ అంకెలు మనసులో పెట్టుకుంటే కింద వచ్చే కథలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

30 మిల్లీలీటర్ల గూడు

కనుగుడ్డు కూర్చునే ఎముక గుంటను కంటిగూడు అందాం. డాక్టర్లు ఆర్బిట్ అంటారు. ఏడు ఎముకలు కలిసి దాన్ని కడతాయి. పెద్దవాళ్ళలో దాని లోపలి చోటు సుమారు 30 మిల్లీలీటర్లు. కనుగుడ్డు ఆక్రమించేది అందులో ఏడు. మిగతా చోటంతా కొవ్వు, కంటిని తిప్పే ఆరు కండరాలు, కంటినరం, రక్తనాళాలు, పై మూలలో కన్నీటి గ్రంథి.

ఇక్కడ ప్రకృతి సీటీకి ఒక మేలు చేసిపెట్టింది. కొవ్వు మైనస్ 100, కండరం ప్లస్ 50. అంటే నల్లటి నేపథ్యం మీద కండరాలు, నరం బూడిదరంగులో వాటంతట అవే విడిగా కనబడతాయి. శరీరంలో చాలాచోట్ల ఈ తేడా రావాలంటే రక్తనాళంలోకి అయోడిన్ మందు ఎక్కించాలి. కంటిగూటిలో చాలా జబ్బులకు ఆ ఇంజక్షన్ లేకుండానే పని జరిగిపోతుంది.

గోడల సంగతి ఇంకా విచిత్రం. బయటి అంచు గట్టి ఎముక. లోపలికి పోయేకొద్దీ పల్చబడుతుంది. ముక్కు వైపు గోడ మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండని చోట్లున్నాయి. పాత శరీరశాస్త్రజ్ఞులు దానికి లాటిన్‌లో కాగితం రేకు అనే పేరు పెట్టారు. ఆ రేకుకు అవతల ముక్కుకు సంబంధించిన గాలిగదులు, సైనస్‌లు ఉంటాయి. కింది గోడకు దిగువన చెంప సైనస్. కప్పుకు పైన మెదడు. కంటికి వచ్చిందనుకున్న జబ్బు చాలాసార్లు పక్కింటి నుంచి వచ్చిందే అయివుంటుంది. అందుకే కంటి డాక్టరు రాసిన సీటీలో సైనస్‌లూ, మెదడు అడుగు భాగమూ కూడా కలిసే వస్తాయి. రిపోర్టులో ముక్కు గురించి రాశారని కంగారు పడనక్కర్లేదు.

ఇనుప రజను, చీపురుపుల్ల

ఆరాంఘర్ దాటి కాస్త పోతే కాటేదాన్ పారిశ్రామికవాడ. రేకులు కోసేవాళ్ళు, గ్రైండింగ్ చేసేవాళ్ళు, ఉలి మీద సుత్తితో కొట్టేవాళ్ళు. అలాంటి వర్క్‌షాపులో ఒక కుర్రాడి కంట్లో ఏదో చురుక్కుమందనుకుందాం. నీళ్ళు కొట్టుకున్నాడు. కొంచెం ఎరుపు, కొంచెం నీరు. చూపు బాగానే ఉంది. రెండో రోజు పనిలోకి పోయాడు.

కంటి డాక్టర్లు భయపడేది ఈ కుర్రాడి గురించే. సుత్తిదెబ్బకు లేచిన ఇనుప ముక్క మిల్లీమీటరు కూడా ఉండదు, వేగం మాత్రం ఎక్కువ. నల్లగుడ్డు మీది పారదర్శక పొరను చీల్చుకుని లోపలికి దూసుకుపోతుంది. గాయం చిన్నది కాబట్టి తనంతట తాను మూసుకుంటుంది. లోపల మిగిలిన ఇనుము నెమ్మదిగా కరుగుతూ వారాల్లో, నెలల్లో రెటీనాను విషంలా చంపుతుంది. చూపు తగ్గిందని ఆసుపత్రికి వచ్చేసరికి చేయగలిగింది కొద్దిగానే మిగులుతుంది.

సీటీలో ఆ ముక్క తెల్లగా మెరుస్తుంది, చుట్టూ కిరణాల్లా గీతలు కూడా పడతాయి. ఉందా లేదా అన్నదొక్కటే కాదు, ఎక్కడుందన్నది ముఖ్యం. కనుగుడ్డు లోపలా, గోడలో ఇరుక్కుందా, గుడ్డును దాటి వెనక కొవ్వులోకి పోయిందా? ఈ మూడిటికీ వైద్యం మూడు రకాలు. ఇక్కడే కోత మందం లెక్కలోకి వస్తుంది. తలకు తీసే మామూలు సీటీలో కోతలు కొన్ని మిల్లీమీటర్ల మందం ఉండొచ్చు. అర మిల్లీమీటరు ముక్క రెండు కోతల మధ్య తప్పించుకోగలదు. కంటిగూటికి తీసేటప్పుడు కోత ఒక మిల్లీమీటరో అంతకంటే పల్చనో ఉండాలి. "తల సీటీ తీశారు కదా, అందులోనే చూడండి" అంటే డాక్టరు తలూపకపోవడానికి కారణం ఇదే.

మరి ఎంఆర్‌ఐ ఇంకా గొప్ప స్కాన్ కదా, అది తీస్తే పోలా? పోదు. ఎంఆర్‌ఐ అంటే బలమైన అయస్కాంతం. కంట్లో ఇనుము ఉందని తెలియకుండా ఎంఆర్‌ఐ తీస్తే ఆ ముక్క కదిలి ఒక రోగికి కన్ను పోయిన సంగతిని 1986లో అమెరికా డాక్టర్లు వైద్య పత్రికలో నమోదు చేశారు. అప్పటి నుంచి లోహం పని చేసేవాళ్ళను ఎంఆర్‌ఐ గదిలోకి పంపే ముందు కంట్లో ఎప్పుడైనా రజను పడిందా అని అడగడం ఆనవాయితీ అయింది. పదేళ్ళ కిందటి సంగతైనా సరే, ఆ ప్రశ్నకు నిజం చెప్పాలి.

అన్ని వస్తువులూ ఇనుములా దొరికిపోవు. ఎండు కట్టెలో గాలి ఉంటుంది. దసరా రోజుల్లో పిల్లలు చీపురుపుల్లలతో బాణాలు చేసి ఆడుకుంటారు. పొలంలో కంప గుచ్చుకుంటుంది. కంటి పక్కన విరిగి లోపల ఉండిపోయిన పుల్ల సీటీలో నల్లగా, అచ్చం గాలి బుడగలా కనబడుతుంది. గాయం కదా, గాలి చేరిందిలే అనుకుని వదిలేస్తే వారం తిరిగేసరికి చీము పడుతుంది. గాలి బుడగ గుండ్రంగా ఉంటుంది, పుల్లకు తిన్నటి అంచులుంటాయి. అనుభవమున్న రేడియాలజిస్టు పట్టుకునేది ఆ తేడాను. కానీ పుల్ల గుచ్చుకుందని ఎవరో ఒకరు చెప్పివుంటేనే ఆ చూపు చూస్తాడు. చీటీ మీద "కంటికి దెబ్బ" అని రెండు ముక్కలు రాసి పంపిస్తే యంత్రం ఎంత ఖరీదైనదైనా ఉపయోగం తక్కువ.

బంతి దెబ్బలది ఇంకో కథ. గల్లీ క్రికెట్‌లో బంతి నేరుగా కంటికి తగిలితే లోపలి ఒత్తిడికి కంటిగూటి నేల పగిలి కిందికి దిగిపోతుంది. పల్చని ఎముక పగలడం వల్ల కనుగుడ్డు చాలాసార్లు బతికిపోతుంది. పెద్దవాళ్ళలో అయితే కన్ను కమిలి నల్లబడి, వాచి, అందరికీ తెలుస్తుంది. పిల్లల్లో మాత్రం ఎముక లేతది. పగిలి కిందికి వంగి, వెంటనే తలుపులా మళ్ళీ మూసుకుంటుంది. ఆ సందులో కంటి కండరం చిక్కుకుపోతుంది. బయటికి చూస్తే కన్ను తెల్లగా, మామూలుగానే ఉంటుంది. పిల్లవాడు పైకి చూడలేడు, వాంతులు చేసుకుంటాడు, నాడి నెమ్మదిస్తుంది. వాంతులు చూసి అందరూ తలకు దెబ్బ తగిలిందనుకుంటారు. మెదడు సీటీ బాగుందని ఇంటికి పంపేస్తే అసలు జబ్బు కంటిగూటి నేలలో ఉండిపోతుంది. ముఖానికి సమాంతరంగా తీసిన నిలువుకోతలో ఆ కండరం ఉండాల్సిన చోట ఉండదు, కింది సైనస్ కప్పుకు చిన్న బొట్టులా వేలాడుతుంటుంది. ఇది ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేయాల్సిన విషయం, లేకపోతే కండరం చచ్చుబడిపోతుంది. ఎముక పగులు గీత చాలా చిన్నదైతే రిపోర్టులో కూడా తప్పిపోవచ్చు. అందుకే బిడ్డ పైకి చూడలేకపోతున్నాడన్న మాట చీటీలో రాసి ఉండాలి.

ఉబ్బిన కన్ను

అద్దంలో చూసుకుంటే ఒక కన్ను ముందుకు వచ్చినట్టుంది. రెండు కళ్ళ మధ్య రెండు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే డాక్టరు వదిలిపెట్టరు. ఎముక గోడల గూటిలో లోపల ఏది పెరిగినా కనుగుడ్డు పోగలిగిన దారి ముందుకే. ఏం పెరిగిందో చెప్పాల్సింది స్కాన్.

పెద్దవాళ్ళలో ఎక్కువగా దొరికే దొంగ థైరాయిడ్. గొంతులోని గ్రంథి జబ్బుకు కంటి కండరాలు వాస్తాయి. సీటీలో దీనికి ఒక ముద్ర ఉంది. కండరం నడుమ భాగం ఉబ్బి, కనుగుడ్డుకు అతుక్కునే తోక భాగం మాత్రం సన్నగానే మిగులుతుంది. వాపు సాధారణంగా కింది కండరంతో మొదలై, తర్వాత ముక్కు వైపు కండరానికి వస్తుంది. గూటి చివర, నరం బయటికి పోయే ఇరుకు దారిలో ఈ కండరాలన్నీ కిక్కిరిసి నరాన్ని నొక్కుతున్నాయా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. నొక్కుతుంటే చూపు పోయే ప్రమాదం ఉంది, గూటి గోడలు కొంత తొలగించి చోటు చేయాల్సి రావచ్చు. ఆ ఆపరేషన్‌కు దారి పటం కూడా సీటీయే. థైరాయిడ్ ఉన్నవాళ్ళకు అయోడిన్ ఇంజక్షన్ ఇవ్వకుండా తీయడమే మేలు.

కన్నీటి గ్రంథిలో గడ్డ వచ్చిందనుకుందాం. అక్కడ సీటీ చదివేది గడ్డను కాదు, పక్కన ఉన్న ఎముకను. ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరిగిన మంచి గడ్డ ఎముకను ఒత్తి నున్నటి గుంట చేస్తుంది. క్యాన్సర్ గడ్డకు అంత తీరిక ఉండదు, ఎముకను గరుకుగా కొరుకుతుంది. ఈ తేడా చూసే సర్జన్లు గడ్డను ముక్క తీసి పరీక్షకు పంపాలా, పొరతో సహా మొత్తంగా తీసేయాలా అన్నది నిర్ణయించుకుంటారు. మంచి గడ్డను సగం కోసి వదిలేస్తే అది తిరిగి పెరిగి, కొన్నిసార్లు చెడ్డదిగా మారుతుంది.

బైకు ప్రమాదం జరిగిన కొన్ని వారాలకు ఒక కన్ను ఎర్రబడి ఉబ్బితే చాలామంది కళ్ళకలక అనుకుని చుక్కలు వేసుకుంటారు. చెవిలో గుండె చప్పుడుకు తగ్గట్టు హోరు కూడా వినబడుతుంటే అది కలక కాదు. పుర్రె లోపల ధమనికీ సిరకూ మధ్య దారి పడి, రక్తం వెనక్కి కంట్లోకి తంతోంది. సీటీలో కంటిగూటి పైభాగంలో పాకే సిర మామూలు కంటే లావుగా కనబడగానే కథ తేలిపోతుంది. ఇంకో రకం రోగికి వంగినప్పుడు, దగ్గినప్పుడు మాత్రమే కన్ను ఉబ్బుతుంది. పడుకోబెట్టి స్కాన్ తీస్తే అంతా శుభ్రంగా ఉంటుంది. ఊపిరి బిగబట్టి ముక్కమని చెప్పి తీసినప్పుడు ఉబ్బిన సిరల గుత్తి బయటపడుతుంది.

తెలుగు నేలకు బాగా పరిచయమున్న ఇంకో జబ్బు ఉంది. బద్దెపురుగు పిల్ల కంటి కండరంలో చేరి బుడగ కట్టడం. ఒక కన్ను వాచి, నొప్పితో, కదపలేని స్థితిలో వచ్చే పిల్లల్లో, యువకుల్లో డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు. సీటీలో కండరం మధ్య ఒక గుండ్రటి నీటి బుడగ, దాని లోపల తెల్లని చుక్క. ఆ చుక్క పురుగు తలకాయ. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన చంద్రశేఖర్, హోనవర్ ఈ జబ్బును స్కాన్‌లతో గుర్తించడం, మందులతో నయం చేయడం గురించి 1999లో అంతర్జాతీయ పత్రికలో రాశారు. చాలామందికి ఆపరేషనే అక్కర్లేదు, ఆల్బెండజోల్, స్టెరాయిడ్ మాత్రలు చాలు. అయితే కనుగుడ్డు లోపల, మెదడులో కూడా పురుగులు లేవని చూసుకున్నాకే మందు మొదలుపెడతారు. అక్కడ చచ్చిన పురుగు బతికున్న దానికంటే ఎక్కువ హాని చేస్తుంది. పంది మాంసం తిననివాళ్ళకు ఇది రాదని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. ఈ బుడగలు వచ్చేది మలంతో కలుషితమైన నీళ్ళలో, కడగని ఆకుకూరల్లో ఉండే గుడ్ల వల్ల. శుద్ధ శాకాహారికి కూడా వస్తాయి.

2021 వేసవి

కోవిడ్ రెండో అల దిగుతున్న రోజుల్లో బ్లాక్ ఫంగస్ అన్న మాట ఇంటింటా వినబడింది. తెలంగాణ ప్రభుత్వం 2021 మే 20న దాన్ని అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికి ముఖ్య కేంద్రం చేశారు. కోవిడ్ ఇంకా తగ్గనివాళ్ళు గాంధీ ఆసుపత్రికి పోయారు. కంటి డాక్టర్ల అవసరానికి అత్తాపూర్‌కు దగ్గర్లోనే, మెహదీపట్నంలో ఉన్న సరోజినీదేవి కంటి ఆసుపత్రి తోడు నిలిచింది.

చెవి ముక్కు గొంతు ఆసుపత్రికి కంటి జబ్బుతో ఏం పని? ఈ బూజు నడిచే దారి చూస్తే తెలుస్తుంది. ముక్కు పొరలో మొదలవుతుంది. సైనస్‌లలోకి పాకుతుంది. ఆ కాగితం రేకును దాటి కంటిగూటిలోకి వస్తుంది. అక్కడి నుంచి మెదడులోకి. హైదరాబాద్‌కు చెందిన కంటి క్యాన్సర్ వైద్యుడు, ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆప్తల్మాలజీకి అప్పటి సంపాదకుడు సంతోష్ హోనవర్ 2021లో ప్రతిపాదించిన దశల లెక్క కూడా ఇదే. ఒకటి ముక్కు, రెండు సైనస్‌లు, మూడు కంటిగూడు, నాలుగు మెదడు. ఆయన నాయకత్వంలో దేశవ్యాప్తంగా 2826 మంది రోగుల వివరాలు పోగుచేస్తే, వారిలో 78 శాతం మందికి షుగర్ ఉందని, 87 శాతం మంది స్టెరాయిడ్లు వాడారని తేలింది.

ఆ నెలల్లో స్కాన్ సెంటర్లకు వచ్చిన రోగుల చేతుల్లో చాలా చీటీల మీద సైనస్, ఆర్బిట్ అనే రెండు మాటలు కలిసే ఉండేవి. బూజు ఎముకను ఎక్కడ తినేసిందో సీటీ చూపింది, ఆపరేషన్‌కు ఎటు నుంచి పోవాలో కూడా స్పష్టం చేసింది. కొవ్వు నల్లదనం పోయి మసకబారిన చోటు బూజు అడుగుపెట్టిందన్న హెచ్చరిక. కానీ ఆ వేసవి సీటీ బలహీనతనూ బయటపెట్టింది. తొలి రోజుల్లో సీటీలో మామూలు సైనస్ వాపులాంటిదే కనబడుతుంది. ఎముక తరిగేది ఆలస్యంగా. రక్తం అందక చచ్చిన ముక్కు పొరను, కంటినరంలోకి, మెదడు పొరల్లోకి పాకిన జబ్బును ముందుగా చూపగలిగింది ఎంఆర్‌ఐ. సీటీ బాగుందన్న ధైర్యంతో రెండు రోజులు ఆగడం ఆ జబ్బులో చాలా ఖరీదైన పొరపాటు. ముక్కులో కెమెరా పెట్టి, ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద బూజు పోగులు చూడటమే ఖాయమైన రుజువు.

సీటీ వద్దనే చోటు

పసిబిడ్డ ఫొటోలో ఒక కంటిపాప ఎర్రగా కాకుండా తెల్లగా మెరిస్తే రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ అనుమానించాలి. సుమారు 16 నుంచి 18 వేల జననాలకు ఒకరికి వచ్చే జబ్బు ఇది. దీనిలో గడ్డ లోపల సున్నం పేరుకుంటుంది, సున్నం సీటీలో తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే ఒకప్పుడు ప్రతి బిడ్డకూ సీటీ తీసేవాళ్ళు. ఇప్పుడు నిపుణులు వీలైనంత వరకు మానుకుంటున్నారు. ఈ బిడ్డల్లో సుమారు 40 శాతం మందికి జబ్బు జన్యువులోనే ఉంటుంది. వాళ్ళకు రేడియేషన్ తగిలితే పెద్దయ్యాక ఇంకో క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అల్ట్రాసౌండ్ కూడా సున్నాన్ని చూపుతుంది, కంటినరంలోకి పాకిందా అన్నది ఎంఆర్‌ఐ బాగా చెబుతుంది. పసివాళ్ళకు మత్తిచ్చి ఎంఆర్‌ఐ తీయడం శ్రమే, ఖర్చే. అయినా ఇక్కడ అదే సరైన దారి.

పెద్దవాళ్ళ సంగతి అంత భయపడాల్సింది కాదు. తల సీటీతో ఒంటికి పడే రేడియేషన్ దాదాపు 2 మిల్లీసీవర్టులు. మట్టి, రాళ్ళు, ఆకాశం నుంచి ఎవరికైనా ఏడాదికి సగటున పడేది 2.4. కంటి లోపలి కటకం రేడియేషన్‌కు సున్నితమైనది. శుక్లం రావడానికి కనీస మోతాదు అర గ్రే అని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2011లో లెక్క సవరించింది. ఒక్క స్కాన్‌లో కటకానికి పడేది దానికంటే చాలా తక్కువ. అవసరం లేకుండా నెలకోసారి తీయించుకుంటే మాత్రం ఈ లెక్కలు మారిపోతాయి.

శుక్లాలకు, గ్లకోమాకు, షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బుకు సీటీ అవసరం లేదు. కళ్ళజోడు నంబరు మారిందని తలనొప్పితో వచ్చిన ప్రతివాడికీ సీటీ రాసే అలవాటు కూడా ఎక్కడైనా ఉంటే అది మంచి వైద్యం కాదు. అత్తాపూర్‌కు దగ్గర్లో కిస్మత్‌పూర్‌లో ఉన్న ఎల్వీ ప్రసాద్ సంస్థ గ్రామీణ నేత్ర వైద్య కేంద్రం పల్లెల్లో పనిచేసే విజన్ టెక్నీషియన్లకు శిక్షణ ఇస్తుంది. సుమారు 50 వేల జనాభాకు ఒక చిన్న కేంద్రం అన్న పద్ధతి వాళ్ళది. ఆ చిన్న కేంద్రంలో స్కానర్ ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. ఒక కన్ను ముందుకు వచ్చిందనో, బిడ్డ కంటిపాప తెల్లగా ఉందనో గుర్తుపట్టి పైకి పంపగలిగే మనిషి ఉంటే చాలు.

బల్ల మీద

స్కాన్ గదిలో పని చాలా తక్కువసేపు. "అమ్మా, కమ్మలు, ముక్కుపుడక తీసి బిడ్డ చేతికియ్యండి. పళ్ళ సెట్టు ఉంటే అది కూడా. షుగర్ మందులు ఏం వాడుతున్నరు? కిడ్నీ టెస్టు చేయించిన్రా?" అని టెక్నీషియన్ అడిగే ప్రశ్నలకే ఎక్కువ సమయం పడుతుంది. లోహం ఉంటే బొమ్మ మీద గీతలు పడతాయి కాబట్టి మొదటి ప్రశ్న. మందు ఎక్కించాల్సి వస్తే కిడ్నీలు దాన్ని బయటికి పంపగలవా అన్నది చివరిది. గర్భం ఉన్నవాళ్ళు, ఇంతకుముందు ఇలాంటి ఇంజక్షన్‌కు దద్దుర్లు వచ్చినవాళ్ళు అడగకముందే చెప్పాలి. తర్వాత బల్ల లోపలికి జరుగుతుంది. కళ్ళు తిప్పకుండా ఒకే వైపు చూడమంటారు. కళ్ళు కదిలితే కండరాల బొమ్మ చెదురుతుంది. కొన్ని సెకన్లలో బల్ల బయటికి వచ్చేస్తుంది.

రోగి చేయాల్సిన పని ఆ తర్వాతే ఉంది. రిపోర్టు కాగితం, నాలుగు ఫిల్ములు చాలనుకుని ఇంటికి పోకండి. ఫిల్ము మీద వేసేది వందల కోతల్లోంచి ఎంచిన కొన్నిటినే, అదీ ఒకటి రెండు వెలుతురుల్లోనే. ఎముక చూడటానికి ఒక వెలుతురు కావాలి, కండరం చూడటానికి ఇంకొకటి. సర్జన్ తన కంప్యూటరు మీద కోత కోతా తిప్పి చూసుకోవాలంటే సీడీ గానీ, లింకు గానీ కావాలి. అడిగి తీసుకోండి, పాత స్కాన్ ఉంటే దాన్నీ వెంట తీసుకుపోండి. చీటీ మీద "కంటి సీటీ" అని మాత్రమే ఉంటే ఏ అనుమానంతో తీయిస్తున్నారో ఒక్క ముక్క రాసివ్వమని డాక్టరును అడగండి.